చూడకుండా రాసే మందు

స్త్రీల ఆరోగ్యం అనగానే మనం గర్భసంచి గురించి, కాన్పుల గురించి, రక్తహీనత గురించి మాట్లాడతాం. మాట్లాడవలసిందే. కానీ హైదరాబాదు బస్తీల్లో ఆరోగ్యం మాట కదిపినప్పుడల్లా ఆడవాళ్ళు గొంతు తగ్గించి నాతో చెప్పేది ఇంకొకటి ఉంది. దురద. లంగా బొందు బిగించే చోట, తొడల మధ్య, రొమ్ముల కింద గుండ్రంగా పాకే తామర. ప్రాణం తీసే జబ్బు కాదు గనక ఎవరి లెక్కల్లోకీ రాదు. నిద్ర మాత్రం తీస్తుంది. పని మానలేరు, పదిమందిలో గోక్కోలేరు.

నేను వైద్యురాలిని కాను, సామాజికశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా ఈ జబ్బుని గుర్తించే పద్ధతి తెలుసుకున్నాక ఆశ్చర్యం వేసింది. మచ్చ అంచున కాస్త పొట్టు గీకి, గాజుపలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే బూజు పోగులు కనిపిస్తాయి. నిమిషాల పని. కఫంలో టీబీ క్రిములు చూసే మైక్రోస్కోపే దీనికీ సరిపోతుంది. అనుభవమున్న డాక్టర్లు చాలాసార్లు కంటితోనే పోల్చుకుంటారు. ఎటొచ్చీ, చూడాలి.

ఆ చూడడమే జరగడం లేదు. "గక్కడ మొగ డాక్టరుకు ఎట్ల చూపియ్యాలె మేడం?" అని ఒకామె నన్నే ఎదురు ప్రశ్న వేసింది. "దురదకు గూడ దవాఖానకు పోతవా అని మా అత్త నవ్వుతది" అంది ఇంకొకామె. ధైర్యం చేసి వెళ్ళినామె అనుభవం ఏమిటంటే, "ఎక్కడమ్మా?" అని డాక్టరు అడగడం, "నడుము కింద సార్" అని ఈమె అనడం, అంతలోనే చీటీ చేతికి రావడం. ఆ గదిలో తెర లేదు, తోడుగా నర్సు లేదు. బయట యాభైమంది వరసలో ఉండగా, తెర లేని గదిలో చీర తొలగించమని అడగలేకపోయిన డాక్టరుని నేను పెద్దగా తప్పు పట్టను. తెర పెట్టించడం ఎవరి బాధ్యతో వాళ్ళని పట్టాలి.

చాలామంది ఆ చీటీదాకా కూడా రారు. భర్తనో కొడుకునో మెడికల్ షాపుకి పంపి "దురద ట్యూబు" తెప్పించుకుంటారు. ఆ ట్యూబుల్లో తరచుగా ఉండేది ఏమిటి? బూజుని చంపే మందు ఒకటి, బాక్టీరియాకి ఇంకొకటి, వీటితోపాటు క్లోబెటసాల్ వంటి స్టెరాయిడు. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో క్లోబెటసాల్ అన్నిటికన్నా బలమైన తరగతికి చెందింది. తామరలో ఎరుపూ దురదా పుట్టేది బూజు మీద మన శరీరం చేసే పోరాటం వల్ల. స్టెరాయిడు ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. నాలుగు రోజుల్లో దురద పోతుంది, ట్యూబుకి మంచి పేరొస్తుంది. బూజు మాత్రం నిశ్చింతగా పాకుతుంటుంది. రాయడం ఆపగానే దురద ఇంకా ఎక్కువగా తిరగబెడుతుంది. వలయంలో వలయం ఏర్పడి, జబ్బు రూపమే మారిపోయి, చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళినా పోల్చుకోవడం కష్టమవుతుంది. తొడల మధ్య చర్మం పల్చబడి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పోవు.

ఇది ప్రభుత్వానికి తెలియని సంగతి కాదు. 2016 మార్చిలో 344 మిశ్రమ మందుల్ని నిషేధిస్తే, వాటిలో ఇలాంటి క్రీములూ ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళి, 2018 సెప్టెంబరులో 328 మందుల మీద మళ్ళీ నిషేధం వచ్చింది. పైపూత మందులన్న సాకుతో అంతవరకూ మినహాయింపు పొందుతూ వచ్చిన 14 స్టెరాయిడ్లని కూడా 2018లోనే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. మీ వీధి చివర షాపులో ఒకసారి అడిగి చూడండి, చీటీ అడుగుతారేమో! ఈలోగా టెర్బినఫిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగని తామర బూజు మన దేశంలో విస్తరించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినే అని శాస్త్రీయనామం పెట్టారు. దేశం పేరు ఇలా కూడా నిలబడుతుంది.

సరైన వైద్యం లేకపోలేదు. స్టెరాయిడు కలవని మందు కొన్ని వారాలపాటు, మచ్చ మాయమయ్యాక కూడా ఇంకొన్నాళ్ళు వాడాలి. అవసరమైతే మాత్రలు మింగాలి. గర్భవతులైతే ఆ మాత్రల విషయం ముందే డాక్టరుకి చెప్పి తీరాలి. ఇంట్లో తామర ఉన్నవాళ్ళందరూ ఒకేసారి మందు వాడాలి, తువ్వాలు ఎవరిది వాళ్ళకి ఉండాలి, బట్టలు ఎండలో ఆరాలి. ఈ చివరి మాట డాక్టర్లు ఎంత తేలిగ్గా చెబుతారో! మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ లోదుస్తులు ఎండ చూస్తాయా? పైన తువ్వాలు కప్పి, ఇంటి వెనక తీగ మీద, లేదా స్నానాలగదిలోనే తడితడిగా ఆరతాయి. సిగ్గు అని మనం పిలిచేది ఇక్కడ అచ్చంగా బూజుకి ఆశ్రయం.

శరీరం దాచుకోమన్న చోట ఇలా ఉంటే, నలుగురికీ చూపించుకోవలసిన ముఖం సంగతి ఇంకో రకం. మంగు మచ్చలకి ఎండ, గర్భం, కుటుంబ నియంత్రణ మాత్రలు, వంశం ఇవన్నీ కారణాలే. వీటికోసం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడు కలిపిన మిశ్రమాన్ని అమెరికా చర్మవైద్యుడు క్లిగ్‌మన్, ఆయన సహచరుడు 1975లో ప్రకటించారు. డాక్టరు కనిపెట్టి చూస్తూ కొద్ది వారాలు వాడించవలసిన ఆ తరహా మందు మన దగ్గర తెల్లబడే క్రీముగా నెలలూ ఏళ్ళూ నడుస్తుంది. ఫెయిర్ అండ్ లవ్లీ మన మార్కెట్లోకి వచ్చిందీ 1975లోనే, అంతర్జాతీయ మహిళా సంవత్సరంలో. 2020లో పేరులోంచి 'ఫెయిర్' పోయింది గానీ పెళ్ళి ప్రకటనల్లోంచి ఆ కోరిక పోలేదు. స్టెరాయిడు అలవాటైన ముఖం ఎర్రబడుతుంది, ఎండలో మండుతుంది, మొటిమలూ వెంట్రుకలూ వస్తాయి. ఆపితే మంట ఎక్కువవుతుంది కాబట్టి మళ్ళీ అదే రాస్తారు.

తెల్లమచ్చ విషయంలో పరీక్ష చేయకపోతే జీవితాలే తలకిందులవుతాయి. నుదుట తెల్లమచ్చ వచ్చిన అమ్మాయికి అది స్టిక్కరు బొట్టు జిగురులోని రసాయనం వల్ల కావచ్చు. మచ్చ సరిగ్గా బొట్టు పెట్టుకునేచోటే ఉందా అని చూసి, స్టిక్కరు మాన్పించడం మొదటి వైద్యం. కానీ ఇంట్లో "బొల్లి" అన్న మాట పుట్టి సంబంధాలు ఆగిపోతాయి. నిజంగా బొల్లే అయినా అది అంటుకోదు. పాలిపోయిన మచ్చ మీద దూది తాకిస్తే తెలియకపోతే కుష్ఠు అని అనుమానించి పరీక్ష చేయించాలి. దానికి 6 నుంచి 12 నెలల మందు ఉచితంగా దొరుకుతుంది, నయమవుతుంది. ఈ బహుళ ఔషధ చికిత్స 1980ల నుంచీ ఉంది. అయినా కుష్ఠుని విడాకుల కారణంగా చూపే వీలుని మన వివాహ చట్టాల్లోంచి తీసేయడానికి 2019 దాకా పట్టింది. వైద్యం వచ్చాక 30 ఏళ్ళకి పైగా ఎందరు భార్యలు ఆ క్లాజు కింద పుట్టింటికి చేరారో ఎవరు లెక్క పెట్టారు?

కాబట్టి మహిళా సంఘాలు ఆరోగ్య శాఖ ముందు పెట్టే కోరికల్లో చర్మాన్ని కూడా చేర్చాలని నా ప్రతిపాదన. ప్రతి బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక తెర, పరీక్ష వేళ తోడుగా ఒక మహిళా ఉద్యోగి, ఆ గాజుపలకా రసాయనపు చుక్కా ఉండాలి. ట్యూబు మీద స్టెరాయిడు ఉన్న సంగతి కంటికి ఆనే అక్షరాల్లో తెలుగులో అచ్చు వేయించాలి. ఇక సంఘం సమావేశాలకు వచ్చేటప్పుడు, ఇంట్లో వాడుతున్న ట్యూబులు పట్టుకురమ్మని సభ్యులకి చెబితే, వాటిమీది పేర్లు కలిసి చదవడం వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చు.