తాళం ఉంది కదా అనుకోకండి

1872 ఫిబ్రవరి 8, పొద్దుగూకిన వేళ. అండమాన్‌లోని హోప్‌టౌన్ రేవులో వైస్రాయ్ లార్డ్ మేయో చుట్టూ ఆయుధాలు పట్టిన కాపలా ఉంది. ఖైదీ షేర్ అలీ చేతిలో ఉన్నది ఒక్క కత్తి. చీకటి చాటున వెనక నుంచి దూకాడు. కాపలావాళ్లు తేరుకునేలోపే పని అయిపోయింది. ఆ హోప్‌టౌన్ మన ఫెరార్‌గంజ్ తహసీల్లోదే. ఇంట్లో తుపాకీ ఉంటే ధీమా అనేవాళ్లు ఒక సాయంత్రం అక్కడిదాకా వెళ్లి రావాలి.

చిన్న రివాల్వర్, లోపలే తాళం, పిల్లలున్న ఇంట్లోనూ భయం లేదు అంటే నమ్మకండి. భయం ఉంది.

కొనేవాళ్లు రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా అనుకుంటారు. రివాల్వర్ చేయి జారి గచ్చు మీద పడినా పేలకుండా చాలా మోడళ్లలో లోపల ఒక చిన్న ఇనుప అడ్డు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే మాత్రం అది అడ్డుపడదు. నొక్కింది అరవై ఏళ్ల వేలా, ఆరేళ్ల వేలా అన్నది దానికేం తెలుసు? తాళంచెవితో తిప్పే తాళం వేరు. అమెరికా స్మిత్ అండ్ వెసన్, బ్రెజిల్ టారస్ కంపెనీలు తమ రివాల్వర్లు చాలావాటిలో దాన్ని లోపలే అమర్చాయి. తిప్పితే తుపాకీ పేలదు. తిప్పడం మరిచిపోతే ఉన్నా లేనట్టే. ఇక ఆ తాళంచెవి ఎక్కడ పెడతారు? బీరువాలో, చీరల మడతల కింద. ఆ చోటు తెలియని పిల్లాడు ఏ ఇంట్లో ఉన్నాడు?

చిన్నదైతే మేలనేదీ సగం నిజమే. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన .32 బోర్ నిర్భీక్ రివాల్వర్ బరువు అర కిలో, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాట. తేలిక తుపాకీ చేతిని ఎక్కువగా తంతుంది, గొట్టం పొట్టిదైతే గురి కుదరడం కష్టం. కొనేముందు ఏది అడ్డో, ఏది తాళమో, అసలు తాళం ఉందో లేదో డీలర్‌ను చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి.

అన్నిటికన్నా ప్రమాదం 'మనకు తగ్గట్టు మార్పించుకోవడం'. ట్రిగ్గర్ తేలిక చేయమని లేత్ మెషిన్ కుర్రాడి చేతిలో పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఒక స్ప్రింగ్ అరగదీస్తే పైన చెప్పిన ఆ అడ్డు కూడా పనిచేయకపోవచ్చు. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకీ బాగుచేయడమే నేరం. గొట్టం పొట్టి చేసినా, బొమ్మ తుపాకీని పేలేదిగా మార్చినా 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా శిక్ష. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావయ్య తన లైసెన్సు తుపాకీని 'ఉంచుకోరా' అని ఇచ్చి వెళ్లడమూ కుదరదు. లైసెన్సు మనిషికిచ్చేది, కుటుంబానికి కాదు. దాన్ని పట్టుకుని జిర్కాటాంగ్ దాటి జరావాల అడవిలోకి వేటకు దిగితే 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలూ మెడకు చుట్టుకుంటాయి.

మన గాలి సంగతి ఒకటుంది. వానాకాలంలో తోలు బెల్టుకు బూజు పట్టే ఊరు మనది. తోలు ఒరలో నెలల తరబడి పెట్టిన ఉక్కు తుప్పు పట్టకుండా ఉంటుందా? తాళం రంధ్రం మరీ సన్నం, చెమ్మ అందులో చేరితే చెవి సగంలోనే ఆగిపోతుంది. తాళం పడిందని మీరనుకుంటారు.

ఇప్పటికే లైసెన్సుతో తుపాకీ ఉన్నవాళ్లు ఈ రాత్రి పిల్లలు నిద్రపోయాక బీరువా తెరవండి. వేలు ట్రిగ్గర్ మీదికి పోనీయకుండా, గొట్టం ఎవరి వైపూ లేకుండా పట్టుకుని, సిలిండర్‌లోని అన్ని గదులూ ఒక్కొక్కటిగా చూడండి. తూటాలు తీసి వేరే పెట్టెలో పెట్టి తాళం వేయండి. రివాల్వర్‌కూ తాళం వేసి, చెవిని చీరల కింద నుంచి తీసి మొలతాడుకు కట్టుకోండి. ఎవరి చేతైనా ట్రిగ్గర్ మార్పించి ఉంటే దాన్ని పేల్చి చూడకండి. ముందు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయండి.