పిల్లికీ హక్ ఉంది

మా మొహల్లాలో పది ఇళ్లవాళ్లం కలిసి ఖాళీ జాగాలో పాలకూర, మెంతి, పుదీనా వేసుకున్నాం. ఇప్పుడు కొందరు అక్కడి పిల్లుల్ని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేద్దామంటున్నారు. గింజలు చల్లిన మడిని తవ్వేస్తున్నాయనీ, గలీజు చేస్తున్నాయనీ వాళ్ల షికాయత్. షికాయత్ ఝూటా కాదు. ఫైసలాయే జుల్మ్.

పిల్లికి కావలసింది మెత్తటి పొడిమట్టి. మడి మీద ముళ్లకంప పరిచి, దూరంగా ఓ మూల ఇసుక పోస్తే చాలావరకు అటే పోతుంది. దాని మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, నిజమే. కానీ అది అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే రోజూ తీసెయ్యాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి. ఆకుకూర ఎలాగూ బాగా కడిగే వండాలి. పిల్లులు పెరిగిపోతాయన్న ఫికర్ ఉంటే వాటికి ఆపరేషన్ చేయిద్దాం. తలా కొంత చందా వేసుకుంటే సరి.

పిల్లి మూతి పెట్టిన నీళ్లు నజీస్ కావని హదీసు. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన ఔరత్ జహన్నమ్ పాలైందనీ హదీసే. తిండి దొరకని చోట వదిలెయ్యడం అంతకన్నా ఏం తక్కువ, భాయీ?

మొక్క నాటితే దాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా అని మనమే బయాన్లలో వింటాం. అలాంటి తోట కోసం నోరులేని జీవి మీద జుల్మ్ చేస్తే, ఆ కూరలో బర్కత్ ఎక్కడిది?