సంగీత సందేహాలు: మెట్ల మీద గమకం

గోలేటి నుంచి ఒక తల్లి అడుగుతున్నారు: "మా అమ్మాయి హార్మోనియం మీద గమకం ఎంతకీ పలకడం లేదు. మాన్పించి వయొలిన్‌లో పెట్టమంటారా?"

మాన్పించకండి. లోపం అమ్మాయిది కాదు. పెట్టె లోపలి రేకు ఒక్క స్వరానికే కట్టుబడి ఉంటుంది; వీణ తీగలా లాగితే వంగదు. అందువల్ల జారు పలకదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించడానికి ఇదీ ఒక కారణమే. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు.

అయినా దారి ఉంది. లండన్‌లో వీట్‌స్టన్ 1829లో పేటెంటు పొందిన కాన్సర్టీనా కూడా రేకుల వాద్యమే. ఇంగ్లీషు కాన్సర్టీనాలో వరుస స్వరాలు ఒకటి ఒక చేతికి, మరుసటిది రెండో చేతికి వస్తాయి. కనుక ఒక చేత్తో స్వరం పలికించే ముందు, రెండో చేతి వేలితో పక్క స్వరాన్ని ఇలా తాకి అలా వదిలేస్తారు. వారి అలంకారాల్లో అదొకటి.

మీ అమ్మాయి చేత కూడా గాంధారం మీద నిలిచే ముందు మధ్యమాన్ని రెప్పపాటు తాకించండి. తిత్తి గాలి మాత్రం తొణకకూడదు. మొదట నెమ్మదిగా, తరువాతే వేగం. ముందు గొంతుతో పాడించి, ఆ పైన వేళ్లతో వెతకనివ్వండి. జారును గొంతుకే వదిలేయండి. మన పద్యనాటకాల్లో జరిగిందీ అదేగా! రాగం నటుడిది, ఊత పెట్టెది.