పేటెంట్ సంస్కరణలో మనం ఎవరి పక్షం?

మనలో చాలామంది ఆఫీసు బల్లల మీద పేటెంట్ ఫలకం ఒకటి ఉంటుంది. పేరు మనది, హక్కు కంపెనీది. అమెరికాలో పేటెంట్ సంస్కరణ మాట వచ్చినప్పుడల్లా మన అభిప్రాయం కూడా కంపెనీదే అవుతోంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఒక పక్క, ఫార్మా వాళ్ళం ఇంకో పక్క!

ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ఒక్క ఫోన్లో వేల పేటెంట్లు ఇమిడి ఉంటాయి. ఏ వస్తువూ తయారు చెయ్యని సంస్థ వాటిలో ఒకటి పట్టుకుని దావా వేస్తే వ్యాపారమే ఆగిపోవచ్చు. 2006లో బ్లాక్‌బెర్రీ కంపెనీ అలాంటి దావా నుంచి 61.25 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. మందుల కంపెనీలేమో, మా మందుకున్న పేటెంట్లు కొన్నే, అవి బలహీనపడితే పరిశోధన ఖర్చు రాదంటాయి.

ఈ పోరులో 2005 నుంచి నలిగిన బిల్లు, చివరికి 2011లో నష్టపరిహారం లెక్క జోలికి పోకుండా చట్టమైంది. దావాల దుర్వినియోగాన్ని అరికట్టే మరో బిల్లు 2013లో హౌస్‌లో 325-91తో నెగ్గి, మరుసటి ఏడు సెనేట్‌లో మూలపడింది.

మరి మందు కొనుక్కునే రోగి మాటేమిటి? హ్యుమిరా ఇంజక్షన్ అసలు పేటెంట్ 2016లోనే ముగిసింది. దాని చుట్టూ వందకు పైగా పేటెంట్లు అల్లడంతో, అమెరికాలో పోటీ మందు 2023 దాకా రాలేదు. యూరప్‌లో 2018లోనే వచ్చింది. "కొన్నే పేటెంట్లు" అన్న మాట ఇక్కడ ఏమైనట్టు?

మన దేశం 2005లోనే దీనికో అడ్డుకట్ట వేసింది. తెలిసిన మందుకే కొత్త రూపమిస్తే చాలదు, గుణం పెరిగిందని చూపాలంది సెక్షన్ 3(డి). దాని ప్రకారమే 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్ పేటెంట్ నిరాకరించింది. ఆ కేసులో నోవార్టిస్‌ను ఎదిరించిన వాళ్ళలో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది.

ఇక్కడ అంత దూరం పోకపోయినా, బయోలాజిక్ మందుల దావాల్లో వాడే పేటెంట్లకు పరిమితి పెట్టే బిల్లును 2024 జులైలో సెనేట్ ఆమోదించింది. హౌస్‌లో ఆగిపోయింది. ఓటు లేకపోయినా హౌస్ సభ్యుడికి ఉత్తరం రాయొచ్చు. రాసేటప్పుడు ఆ ఫలకాన్ని కాసేపు పక్కన పెట్టి, ఇంట్లో మందుల బిల్లు ముందు పెట్టుకుందాం.