ప్రకటన మర్నాడు వేసి, జనం రాలేదంటారా?

సంపాదకుల వారికి,

గత ఆదివారం అనుబంధంలో ఫిల్మ్ సొసైటీల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ప్రపంచ సినిమా అంతా జేబులోని ఫోన్లోకి వచ్చేశాక ఇంకా ఈ సంఘాలెందుకని మీ వ్యాసకర్త అడిగారు. పోనీ, అడగనివ్వండి. కానీ చివర్లో చిన్న ఊళ్లలో వీటి ప్రదర్శనలకు పట్టుమని పది మంది కూడా రావడం లేదని తేల్చేశారు చూశారూ, అక్కడ నా కాఫీ చల్లారిపోయింది. లెక్క కరెక్టే. కిందటి నెల మా ఏలూరులో వచ్చింది తొమ్మిది మందే. ఎందుకు రాలేదన్న సంగతి మాత్రం మీ వ్యాసకర్త కంటే మీ ఆఫీసుకే బాగా తెలుసు.

కిందటి నెల రెండో ఆదివారం మా చుట్టుపక్కల కుర్రాళ్లు తీసిన ఏడు పొట్టి సినిమాలు వేశాం. ఆ ప్రకటన మంగళవారమే రాసి, మీ కార్యాలయానికి వెళ్లి చేతికిచ్చి వచ్చాను. తేదీ, వేళ, చోటు, ప్రవేశం ఉచితం. అంతకు మించి ఒక్క ముక్క లేదు. శనివారం చూశాను, పడలేదు. ఆదివారం చూశాను, పడలేదు. గ్రంథాలయం హాల్లోకి సప్లయర్స్ దగ్గర అరవై కుర్చీలు తెప్పించాం. తొమ్మిదింట్లో మనుషులు, మిగతా యాభై ఒక్కదానిలో ఫ్యాను గాలి. (సినిమాలు తీసిన పిల్లల్ని ఇందులో కలపలేదు. కంగారులో వాళ్లెవరూ కూర్చోలేదు.) అద్దె మాత్రం అరవైకీ కట్టాం.

సోమవారం పొద్దున పేపరు తెరిస్తే ‘నగరంలో నేడు’ కింద మా ప్రకటన నిక్షేపంలా ఉంది! ఆ సాయంత్రం పదిహేడు మంది వచ్చి, తాళం వేసిన తలుపు ముందు కాసేపు నిలబడి వెళ్లారని వాచ్‌మన్ చెప్పాడు. ఒక పెద్దాయన మనవణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చారట. ఆ పదిహేడు మందీ మీ పేపరు చదివి వచ్చినవాళ్లేనండీ. వాళ్లను మీ వ్యాసకర్త ఏ పద్దులో రాసుకుంటారు?

ఫోన్ చేసి అడిగితే, స్థలం చాలలేదు సార్ అన్నారు. అదే వారం ఏ ఓటీటీలో ఏ సినిమా వస్తోందో చెప్పడానికి మీకు అరపేజీ దొరికింది. బొమ్మలతో సహా. ఆ కంపెనీలు పాపం పేదవి, ప్రకటనలు ఇచ్చుకోలేవు కాబోలు.

నేను 1983 నుంచి ఈ సొసైటీకి కోశాధికారిని. బ్యాంకులో ఉద్యోగం చేసినన్నాళ్లూ పగలంతా ఊరి లెక్కలు, సాయంత్రం దీని లెక్కలు. జీతం లేదు, కుర్చీ లేదు, ఒక రసీదు పుస్తకం ఉంది. ఆ రోజుల్లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి 16 ఎంఎం రీళ్లు రైల్లో పార్సిల్‌గా వచ్చేవి. ఒకసారి మూడు రోజులు ఆలస్యమై వస్తే, పార్సిల్ గుమాస్తా డబ్బాలు ఊపి చూసి, నెయ్యా అండీ అని అడిగాడు. సినిమా అంటే నమ్మలేదు. సినిమా అయితే పోస్టర్లేవీ అన్నాడు. డెమరేజి కట్టించుకున్నాకే వదిలాడు. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చిన ప్రతిసారీ దీపాలు వేసేవాళ్లం. అసలు సొసైటీ అంతా ఆ అయిదు నిమిషాల్లోనే ఉండేది. ఒకరు తిట్టేవారు, ఒకరు మెచ్చుకునేవారు, ఒకాయన ప్రతి సినిమాకీ ఇది మన ఊరి తిరనాళ్లలా ఉందనేవాడు. మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ చూసిన రాత్రి మాత్రం ఆయన కూడా మాట్లాడలేదు.

మా తప్పులూ ఒప్పుకుంటాను. సొసైటీల్లో వేసే విదేశీ చిత్రాలకు సెన్సారు మినహాయింపు ఉండేది కాబట్టి, కత్తెర పడని సినిమా అని చందా కట్టినవాళ్లు మా రిజిస్టరులో బోలెడంత మంది. ఆశించింది కనపడక రెండో నెలకే మాయమయ్యేవారు. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో అవార్డు సినిమాలు రావడం మొదలయ్యాక ఇంకొందరు జారుకున్నారు. అప్పుడూ ఇలాగే మా పని అయిపోయిందన్నారు.

ఫోనుంది కదా అన్న ప్రశ్నకు జవాబు ఆ తొమ్మిది మందిలోనే దొరికింది. జిరాక్సు షాపులో పనిచేసే కుర్రాడొకడు ఏలూరు తివాచీల మీద పన్నెండు నిమిషాల సినిమా తీశాడు. ఫోన్లో పెడితే వందల మంది చూశారట. బొటనవేళ్లు, చప్పట్లు, పువ్వుల బొమ్మలు పంపారట. మా హాల్లో దీపాలు వేశాక వెనక వరసలోంచి ఒక ముసలి నేతగాడు లేచి, “పని చేసే చప్పుడు తీసేసి ఫిడేలు పెట్టావేం బాబూ?” అన్నాడు. ముడులు వేసిన వరసను దువ్వెన లాంటి పనిముట్టుతో కొట్టే చప్పుడు అది. అది వింటేనే నేత బిగువుగా పడిందో లేదో వాళ్లకు తెలుస్తుందట. కుర్రాడి మొహం ఎర్రబడింది. పది రోజుల తర్వాత ఫిడేలు తీసేసి, ఆ చప్పుడు మళ్లీ రికార్డు చేసి తెచ్చి చూపించాడు. ఆ వందల మందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు మరి.

ఇలా సొసైటీల్లోంచి సినిమా తీసేవాళ్లు తయారవడం కొత్త సంగతేం కాదు. 1947లో చిదానంద దాస్‌గుప్తా తదితరులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టేనాటికి సత్యజిత్ రాయ్ ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలు వేసుకునే ఉద్యోగి. కేరళలో అదూర్ గోపాలకృష్ణన్ వాళ్లు 1965లో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టి సినిమాలు చూపించారు, 1972లో ‘స్వయంవరం’ నిర్మించింది అదే పేరుతో వాళ్లు పెట్టుకున్న సహకార సంఘమే. అక్కడే దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పోగేసి ‘అమ్మ అరియాన్’ తీశారు. మన దగ్గర అంత జరగలేదు. ఎందుకు జరగలేదో రాస్తే మీ వ్యాసం నేను కత్తిరించి దాచుకునేవాణ్ణి.

రాయ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పోయిన నెల మీ పిల్లల పేజీ క్విజ్‌లో ‘పథేర్ పాంచాలి’ హిందీ సినిమా అని వేశారు. అది బెంగాలీ అండి, 1955. దిద్దుబాటు వేయమని కార్డు రాశాను. వేయలేదు. దానికీ స్థలం చాలలేదనుకుంటాను. రేపు మా మనవరాలు పరీక్షలో హిందీ అని రాసి వస్తే మార్కులు మీరిస్తారా?

సరే, అసలు విషయానికి వస్తాను. వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం అయిదున్నరకు అదే గ్రంథాలయం హాల్లో, చప్పుడు తిరిగొచ్చిన ఆ తివాచీల సినిమాతో పాటు మరో నాలుగు వేస్తున్నాం. ప్రవేశం ఉచితం. కుర్చీలు ఈసారి ముప్పయ్యే చెప్పాను. ప్రకటన ఈ ఉత్తరంతోనే జత చేస్తున్నాను. దయచేసి శనివారం పేపర్లో వేయించండి.

ఇట్లు,
ఒక ఫిల్మ్ సొసైటీ కోశాధికారి, ఏలూరు