పక్షవాత బాధితులకు కరెంటు చికిత్స ఆళ్లగడ్డలోనే అందించాలి: వినతిపత్రం

గౌరవనీయులైన నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి,

అహోబిలం, చుట్టుపక్కల పల్లెలు, చెంచు గూడేలకు చెందిన పక్షవాత, నరాల జబ్బుల బాధితుల కుటుంబాలు నమస్కరించి సమర్పించుకుంటున్న వినతి.

విషయం: కండరాలకు కరెంటు చికిత్స చేసే పరికరాలు, వాటిని వాడే ఫిజియోథెరపిస్టును మాకు దగ్గర్లోని ఆళ్లగడ్డలో ఏర్పాటు చేయించాలని కోరుతూ.

అయ్యా,

పక్షవాతం వచ్చిన మనిషిని 108లో పెద్దాసుపత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టుకోవడం ఇప్పుడు మా పల్లెల్లోనూ వీలవుతోంది. అసలు కష్టం డిశ్చార్జి కాగితం చేతికొచ్చాకే. రోజూ ఫిజియోథెరపీ చేయించండి, కరెంటు పెట్టించండి అంటారు. అహోబిలం నుంచి నంద్యాల సుమారు 70 కిలోమీటర్లు. కాలీడ్చే మనిషిని బస్సెక్కించి, ఒకరు తోడు పోయి, ఇద్దరి కూలీ పోగొట్టుకుని రోజూ తిరగడం అయ్యే పని కాదు. నాలుగు రోజులు తిప్పి మానేస్తున్నాం. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారని డాక్టర్లే చెబుతారు. ఆ మూడు నెలలూ మావాళ్లకు మంచం మీదే గడిచిపోతున్నాయి.

మేం అడిగేది కొత్త వింతేమీ కాదు. 1961లోనే అమెరికాలో లిబర్సన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు పాదం వేలాడే రోగుల బూటు మడమలో స్విచ్చు పెట్టి, మడమ లేవగానే మోకాలి కింది నరానికి కరెంటు అందేలా చేశారు. ఇప్పుడు అరచేతిలో పట్టే బ్యాటరీ మిషన్లు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. మోకాలి బయటివైపు ఎముక బొడిపె కింద ఒక ప్యాడ్, కాలి ముందు కండ మీద ఇంకొకటి అంటించి మీట తిప్పితే ముందు చిమచిమలాడుతుంది, ఆ తర్వాత వేలాడే పాదం పైకి లేస్తుంది. కరెంటు ఒక్కటే మనిషిని నడిపించదు, వ్యాయామం తోడవ్వాలి. అది మాకూ తెలుసు.

అందుకే మిషను ఒక్కటే పంపి ఊరుకోవద్దని మా ప్రధాన మనవి. పక్షవాతంలో కండకు వెళ్లే నరం బతికే ఉంటుంది, దానికి ఫారడిక్ అనే రకం కరెంటు చాలు. నరమే తెగినవాళ్ల కండరాలు దానికి కదలవు, వాటికి గాల్వానిక్ అనే రకం కావాలి. రెండూ ఉన్న మిషను కొనాలి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, స్పర్శ తెలియని చర్మం మీద ఇష్టం వచ్చినట్టు పెడితే ప్రమాదం. చదువుకున్న ఫిజియోథెరపిస్టు లేకుంటే ఆ మిషను బీరువాలోనే ఉంటుంది. ప్యాడ్లు, తీగలు అరిగిపోతాయి, ఏటా వాటికి డబ్బు కేటాయించాలి.

వారానికొకసారైనా ఆ ఫిజియోథెరపిస్టు దిగువ అహోబిలం రావాలి, గూడేలకు పోవాలి. పారువేట ఉత్సవంలో అహోబిలం నరసింహస్వామివారే నలభై రోజులు ఊరూరా తిరిగి వస్తారు. జీతం తీసుకునే ఉద్యోగికి వారంలో ఒక పూట బరువు కాకూడదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ పల్లెల్లో దగ్గర్లోనే ఉచిత వైద్యం అందాలంటోంది, 27వ సెక్షన్ పునరావాస సేవల బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. పూర్తిగా మంచం పట్టిన పక్షవాత రోగికి 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది, దానికి కృతజ్ఞులం. కానీ అది మంచం పట్టాక వచ్చే సాయం. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి పేరున్న ఊరు. ఉలి పట్టే వేళ్లు ముడుచుకుపోయిన శిల్పికి పింఛనుకన్నా ముందు ఆ వేళ్లు తెరుచుకునే దారి కావాలి.

కాబట్టి పరికరాల కొనుగోలుకు, ఫిజియోథెరపిస్టు నియామకానికి వెంటనే ఉత్తర్వులిచ్చి, ఎప్పటిలోగా అమలవుతుందో మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
అహోబిలం, పరిసర గ్రామాల బాధితుల కుటుంబాలు

ప్రతి: జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, నంద్యాల