చప్పుడు లేని జబ్బా?

అండాశయ క్యాన్సర్ మాట ఎత్తితే చాలు, ‘సైలెంట్ కిల్లర్’ అనేస్తారు. చడీచప్పుడు లేకుండా వచ్చి ప్రాణం తీస్తుందట. నేనొప్పుకోను.

సూరత్‌లో లింబాయత్‌కు రండి. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికొచ్చిన మన పద్మశాలీలు ఎక్కువగా ఉండే పేట. ఇంటాయన పవర్‌లూమ్ మీద 12 గంటల షిఫ్టుకు పోతే, ఇల్లాలు చంటిదాన్ని పక్కన పడుకోబెట్టుకుని చీరలకు రాళ్లు అంటిస్తుంది. చీరకింత అని కూలి. కడుపుబ్బరంగా ఉందంటే “గ్యాస్ అయ్యుంటది”. పొట్ట పెరిగిందంటే “కాన్పయినంక అంతే”. మాటిమాటికీ మూత్రమొస్తోందంటే “చలికాలం గదా”. మూడుసార్లు నోరు విప్పి చెప్పింది. ఇందులో మౌనమెక్కడ?

అమెరికా వైద్యురాలు బార్బరా గాఫ్ బృందం 2007లోనే చెప్పింది: పొత్తికడుపు నొప్పి, ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఆగలేనంతగా మూత్రం రావడం - వీటిలో ఏదైనా ఏడాదిలోపు మొదలై, నెలలో 12 రోజులకు మించి వేధిస్తుంటే అనుమానించాలని. ఆ నాలుగు ముద్దల సంగతే చూడండి. మన ఇళ్లల్లో తల్లి అందరి తర్వాత తింటుంది, చాలాసార్లు ఒక్కతే. ఆమె కంచంలో ఎంత మిగిలిందో చూసేదెవరు?

ఆ బాధలు ఎవరికి లేవు అంటారు. నిజమే, చాలామందికి అది గ్యాసే. ముందే పట్టుకునే పరీక్షా లేదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలతో చేసిన అధ్యయనం, రక్తపరీక్షతో, స్కానింగ్‌తో జల్లెడ పట్టినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చింది. చెవి ఒగ్గితే అందరూ బతుకుతారని నేననను. కానీ అలాంటి పరీక్షే లేనప్పుడు, ఆమె మాట తప్ప దారేముంది? మన చెవుడును జబ్బుకు అంటగట్టి ‘సైలెంట్’ అంటున్నాం, అంతే.

చికిత్స అయ్యాకా ఇదే వరస. “జబ్బు పోయింది గదా, ఇంకేంది?” రెండు అండాశయాలూ తీసేస్తే 30 ఏళ్లకే ముట్లుడుగుతాయి. ఒళ్లంతా ఆవిర్లు, పట్టని నిద్ర, గుల్లబారే ఎముకలు. గుజరాత్‌లో ఆయుష్మాన్ కార్డు 2023 నుంచి ఇంటికి ఏటా 10 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తోంది, మంచిదే. అంటించని చీరకు కూలి మాత్రం ఏ కార్డూ ఇవ్వదు. కీమోతో మొద్దుబారిన వేళ్లకు ఆ చిన్న రాయి చిక్కదు.

“వేళ్లు తిమ్మిరెక్కుతున్నయి” అంటుందామె.

“మెల్లగ అంటియ్ తియ్” అంటారు, చీరల మూట ముందు దించుతూ.